ఫ్రీ డిష్షుకి పెన్‌డ్రైవ్ తగిలిస్తే

మా కోనసీమలో డాబా మీద ఏ డిష్ ఉందో చూసి ఆ ఇంటి స్థోమత లెక్కేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కంపెనీ పేరున్న డిష్ అయితే ఫర్వాలేదు, పేరు లేని డిష్ కనపడిందంటే "ఓహో, ఫ్రీ డిష్షా" అని ఓ సాగదీత. ఫ్రీ డిష్ అంటే దూరదర్శన్ వాళ్ళు నెలనెలా డబ్బు తీసుకోకుండా శాటిలైటు మీద నుంచి ఇచ్చే ఛానెళ్ళు. "అది చెరువు గట్టు మీద మకాంలో కాపలా కుర్రాళ్ళకి పెట్టేదండి, ఇంట్లోకి ఎందుకు" అని నాతోనే అన్నవాళ్ళున్నారు. పైగా ప్రేమగానే అంటారు, పాపం ఈయనకి ఏమైందో అన్నట్టు.

నా వాదన దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మూడొందల ఛానెళ్ళున్న ఇంట్లో కూడా మనం తీరిగ్గా కూర్చునే గంటకి చూడాల్సిందేదీ రాదు, రావాల్సిందేమో మనం పొలంలోనో బజార్లోనో ఉన్నప్పుడు వచ్చి వెళ్ళిపోతుంది. అందుకని ఇంకో వంద ఛానెళ్ళు కొనుక్కుంటాం, వాటిదీ అదే కథ. అదే ఓ పది పనికొచ్చే ఛానెళ్ళు చాలు, వాటిని మనకి వీలైనప్పుడు చూసేలా దాచుకునే ఏర్పాటు ఒకటి ఉంటే. ఆ ఏర్పాటు నెలనెలా డబ్బు కట్టకుండా చేసుకోవచ్చు, చట్టం కూడా అడ్డం రాదు. దీన్ని డబ్బు మిగుల్చుకునే కిటుకు అని చెప్పడం నాకు నచ్చదు, డబ్బున్నవాళ్ళు కూడా ఇదే చేసుకోవాలని నా ఉద్దేశం.

డబ్బు లెక్క ముందు చెప్పేసి పక్కన పెడతాను. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం, టీవీల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టినప్పుడు ఏ ఛానెల్ కొనకపోయినా కనెక్షన్ ఉన్నందుకే నెలకి 130, దాని మీద జీఎస్టీ కలిపితే 153 చిల్లర. ఏడాదికి 1,840 అయ్యింది. ఆ డబ్బుకి ఇంచుమించు ఒక ఫ్రీ డిష్, బాక్సు, కేబులుతో సహా వచ్చేస్తాయి, ఒక్కసారి కొంటే అయిపోయింది. 2024లో ఆ 130 అనే పరిమితి కూడా తీసేసి కంపెనీల ఇష్టానికి వదిలేశారు. సరే, లెక్క అయిపోయింది.

ఈ ఫ్రీ డిష్ అనేది 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో 33 ఛానెళ్ళతో మొదలైంది. ఇప్పుడు అది జీశాట్-15 మీద నుంచి వస్తుంది, 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్ మీద పంపిన శాటిలైటు, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. దేశంలో నాలుగు కోట్లకి పైగా ఇళ్ళల్లో ఇదే నడుస్తోందని అంచనాలు, అయినా మన వైపు దీని గురించి తక్కువ తెలుసు, దానికి కారణం కూడా న్యాయమైనదే. ఇందులో నిండా హిందీ. ప్రైవేటు ఛానెళ్ళు స్లాట్లు వేలంలో కొనుక్కుని వస్తాయి, హిందీ వాళ్ళకి అంత జనం దొరుకుతారు కాబట్టి కోట్లు పెట్టి కొంటారు. వాళ్ళయినా ఉంటారన్న నమ్మకం లేదు, 2019లో పెద్ద నెట్‌వర్కులు తమ ఫ్రీ ఛానెళ్ళని తీసేసి 2020లో తిరిగొచ్చాయి, 2022 ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళిపోయాయి. తెలుగుకి గట్టిగా నిలబడేవి దూరదర్శన్ వాళ్ళ సప్తగిరి, యాదగిరి. రాష్ట్రం విడిపోయాక సప్తగిరి విజయవాడ నుంచి, యాదగిరి హైదరాబాద్ నుంచి. ఇవి కాక డీడీ కిసాన్, డీడీ స్పోర్ట్స్, డీడీ భారతి, చదువుల ఛానెళ్ళు, ఆకాశవాణి రేడియోలు ఉంటాయి.

"ఇంతేనా" అంటారు. అవును ఇంతే. ఇక్కడే నా మాట వినాలి.

సప్తగిరిలో వ్యవసాయం కార్యక్రమం వచ్చే టైముకి మా వైపు రైతు ఎవడూ టీవీ ముందు ఉండడు. డీడీ భారతిలో ఒక మంచి కచేరీ వేస్తారు, ఏ అర్ధరాత్రో వేస్తారు. లైవ్‌లో చూసేవాడికి ఈ ఛానెళ్ళు నిజంగానే పనికిరావు, ఒప్పుకుంటాను. రికార్డింగ్ తగిలించిన రోజు నుంచి అదే సరుకు వేరేలా కనపడుతుంది, వారమంతా వాళ్ళు వేసినదాంట్లో ఒక నాలుగైదు గంటలు మనకి పనికొచ్చేవి తప్పకుండా ఉంటాయి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వరసగా పెట్టుకుని చూస్తే కేబులు మీద ఎప్పుడూ రానంత తృప్తి. రేడియో కూడా రికార్డవుతుందండి, గంటకి వంద ఎంబీ కూడా పట్టదు, దీని సంగతి ఎవరూ చెప్పరెందుకో.

ఇప్పుడు డిష్ బిగించడం. "మా ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లండి, సిగ్నల్ ఎక్కడొస్తుంది" అని చాలామంది మొదలే పెట్టరు. ఇది మాత్రం లెక్కేసి చూసుకోవాలి. అమలాపురం ప్రాంతం నుంచి చూస్తే జీశాట్-15 దాదాపు సరిగ్గా ఆగ్నేయ దిక్కులో ఉంటుంది, ఉత్తరం నుంచి కొలిస్తే 144 డిగ్రీలు, నేల నుంచి ఎత్తు 66 డిగ్రీలు. 66 అంటే చాలా ఎత్తు, మెడ బాగా వెనక్కి వాల్చి చూడాలి. కాబట్టి యాభై అడుగుల కొబ్బరిచెట్టు ఉన్నా అది డిష్షుకి ఒక 22 అడుగుల దూరంలో ఉంటే తల మీద నుంచి సిగ్నల్ వచ్చేస్తుంది, డాబా మీద పెడితే 17 అడుగులు చాలు. మట్టలు గాలికి ఊగుతాయి కాబట్టి ఇంకో పది అడుగులు కలుపుకోండి. ఆగ్నేయంలో మరీ గోడకి ఆనుకుని చెట్టుంటే తప్ప తోట మధ్యలో ఇల్లున్నా ఇబ్బంది లేదన్నమాట. ఢిల్లీ వాళ్ళకి శాటిలైటు మనకన్నా కిందకి కనపడుతుంది, వాళ్ళకి పక్కింటి మేడ అడ్డం వస్తుంది, మనం భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నందుకు ఈ ఒక్క లాభం.

ఇంకో సంగతి, చిన్న డిష్షులు ఆఫ్‌సెట్ రకం, అంటే అది చూస్తున్నట్టు కనపడే చోటుకి కాదు అది నిజంగా చూసేది, దానికన్నా పాతిక డిగ్రీల దాకా పైకి చూస్తుంది. అందుకే కొత్తవాళ్ళు డిష్‌ని మరీ ఆకాశంలోకి తిప్పేసి సిగ్నల్ లేదంటారు. బాక్సులో రెండు గీతలు కనపడతాయి, స్ట్రెంగ్త్ ఒకటి, క్వాలిటీ ఒకటి. స్ట్రెంగ్త్ గీత కేబుల్ తగిలించగానే లేచి కూర్చుంటుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు, క్వాలిటీ గీత కదిలిందా లేదా అదే చూడాలి. అది కొంచెం కదిలాక ఎల్ఎన్బీని, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే ముక్కని, దాని చోట్లోనే అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ క్వాలిటీ పెరిగిన దగ్గర బిగించేయాలి. చాలామంది కుర్రాళ్ళు ఈ ఆఖరి పని చెయ్యరు, బొమ్మ వచ్చింది కదా అని దిగిపోతారు, అలా పోగొట్టుకున్న క్వాలిటీయే వానొచ్చినప్పుడు దెబ్బకొడుతుంది.

ఎందుకంటే ఇది కేయూ బ్యాండ్, అంటే పొట్టి తరంగాల సిగ్నల్. వాన చినుకులు ఈ సిగ్నల్‌ని మింగేస్తాయి. మామూలు వానకి ఏమీ అవ్వదు, నల్లగా కమ్ముకుని కుండపోత కురిసేటప్పుడు మాత్రం బొమ్మ గడ్డకట్టేస్తుంది, పది నిముషాలకో అరగంటకో వచ్చేస్తుంది. అలాగే మార్చి మధ్యలో, మళ్ళీ సెప్టెంబరు చివర్లో ఓ వారం పాటు రోజూ పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో కొన్ని నిముషాలు పోతుంది, సూర్యుడు సరిగ్గా శాటిలైటు వెనక్కి వస్తాడు, ఎల్ఎన్బీకి సూర్యుడి రొద తప్ప ఇంకేమీ వినపడదు. దానికి మెకానిక్కుని పిలిచి డబ్బులివ్వకండి.

ఉప్పుగాలి మనకున్న అసలు శత్రువు. అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, తలుపు గొళ్ళాలే ఏడాదికి పొడి రాలతాయి. ఎల్ఎన్బీకి కేబులు తగిలే ఎఫ్ కనెక్టర్ దగ్గర పచ్చగా చిలుము పడుతుంది, అక్కడ్నుంచి నీళ్ళు కేబుల్లోకి దిగుతాయి, మెల్లగా క్వాలిటీ పడిపోతుంది, జనం బాక్సు పాడైందనుకుని కొత్త బాక్సు కొంటారు. మంచి ఆర్‌జీ-6 కేబులు, కనెక్టరు మీద రబ్బరు టోపీ, దాని మీద టేపు, కేబులు ఎల్ఎన్బీకి చేరేముందు కిందకి ఒక వంపు, ఆ వంపులోంచి వాన నీళ్ళు నేల మీదకి కారిపోతాయి. దీనికయ్యేది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక రికార్డింగ్. ఇందులో రెండు దారులున్నాయి, మొదటిది చిన్న పిల్లలకి కూడా వస్తుంది. ఇప్పుడు దొరికే చాలా ఫ్రీ టు ఎయిర్ బాక్సుల్లో, అంటే డబ్బు కట్టక్కర్లేని ఛానెళ్ళు పట్టే బాక్సుల్లో, యూఎస్బీ పోర్టు ఉంటుంది, పెన్‌డ్రైవ్ పెట్టి రిమోట్ మీద రికార్డ్ బటన్ నొక్కితే అంతే. మామూలు ఎస్‌డీ ఛానెల్ గంటకి ఒక జీబీ చిల్లర తీసుకుంటుంది, అంటే 32 జీబీ పెన్‌డ్రైవులో పాతిక గంటలు. చాలా బాక్సులు పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటేనే రాస్తాయి, ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి పొడుగాటి రికార్డింగు ముక్కలుగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు, వరసగా చూసుకోవడమే. టైమర్ కూడా పెట్టుకోవచ్చు. మా మేనత్తకి సప్తగిరిలో పొద్దున్నే వచ్చే భక్తి పాటలు సాయంత్రం కావాలి, ఆవిడకి టైమరు ఒక్కసారి చూపించాను, ఇప్పుడు ఆవిడే పక్కింటావిడకి నేర్పుతోంది.

ఇక్కడ ఒక పెద్ద తేడా గమనించాలి. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సులో రికార్డు చేసుకున్నది ఆ బాక్సుకే తాళం వేసి ఉంటుంది, ఆ హార్డ్ డిస్క్ తీసి కంప్యూటర్‌కి పెడితే ఏమీ రాదు, ప్యాక్ ఆపేస్తే మనం దాచుకున్నవీ మనకి దక్కకపోవచ్చు. ఫ్రీ డిష్‌లో ఎంపెగ్-2 పద్ధతిలో వచ్చే ఛానెళ్ళకి తాళం లేదు. పెన్‌డ్రైవ్ తీసి ల్యాప్‌టాప్‌కి పెట్టి వీఎల్సీ అనే ఉచిత ప్లేయర్లో ఆడించుకోవచ్చు, పదేళ్ళ తర్వాతా ఆడుతుంది. బొమ్మ కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా గీతలు పడితే వీఎల్సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చెయ్యండి పోతాయి.

రెండో దారి కొంచెం పిచ్చి ఉన్నవాళ్ళకి, నాకుంది. శాటిలైటు సిగ్నల్‌ని కంప్యూటరుకి అందించే డీవీబీ-ఎస్2 ట్యూనరు ఒకటి, ఒక పాత కంప్యూటరో రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు బోర్డో, దాని మీద విండోస్ బదులు లినక్స్, ఆపైన టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. డిష్ కేబులు ట్యూనరుకి పెడితే ఆ డబ్బా ఇంట్లోని వైఫై మీద ప్రతి ఫోనుకీ ప్రతి టీవీకీ ఛానెళ్ళు పంపిస్తుంది, నెట్ కనెక్షన్ ఉండక్కర్లేదు, ఇంట్లో రౌటరు వెలిగితే చాలు. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, శాటిలైటు మీద ఛానెళ్ళన్నీ గుంపులు గుంపులుగా వస్తాయి, ఒక్కో ట్రాన్స్‌పాండర్ (శాటిలైటులో సిగ్నల్ పంపే భాగం) మీద ఒక్కో గుంపు, ట్యూనరు ఒక ట్రాన్స్‌పాండర్ మీద నిలబడితే ఆ గుంపులో ఉన్న ఛానెళ్ళన్నీ ఒకేసారి చేతికొస్తాయి, అంటే ఒక్క ట్యూనరుతోనే రెండు మూడు ఛానెళ్ళు ఒకేసారి రికార్డు చేస్తూ నాలుగోది చూడొచ్చు, ఒకే గుంపులోవి అయితే. మామూలు బాక్సుల్లో చాలావాటికి ఇంత పని రాదు. కార్యక్రమం పేరు ఇచ్చి "ఇది ఎప్పుడొచ్చినా పట్టు" అని కూడా చెప్పొచ్చు, కాకపోతే కార్యక్రమాల పట్టిక అన్ని ఛానెళ్ళకీ సరిగా రాదు, కాబట్టి నేను టైము చూసే పెడతాను, ముందు ఐదు నిముషాలు వెనక పావుగంట అదనంగా ఇచ్చి. దూరదర్శన్ టైము గురించి తెలిసిందే కదా.

ట్యూనరు కొనేముందు అది లినక్స్‌లో నేరుగా పనిచేస్తుందో లేదో చూసుకోండి, విడిగా డ్రైవర్లు ఎక్కించాల్సిన రకమైతే సిస్టం అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్ళీ ఎక్కించుకోవాలి. ఎల్ఎన్బీకి 13, 18 వోల్టులు పంపాల్సింది కూడా ట్యూనరే, కాబట్టి దానికి సొంత అడాప్టరు ఉన్నదే తీసుకోవాలి, యూఎస్బీ కరెంటు సరిపోదు.

చట్టం సంగతి అడుగుతారు, అడగాలి కూడా. 1957 కాపీరైట్ చట్టంలో 37వ సెక్షను ప్రసారం చేసినవాళ్ళకి ఆ ప్రసారం మీద 25 ఏళ్ళ హక్కు ఇస్తుంది. ఆ తర్వాత 39వ సెక్షనులో, రికార్డు చేసుకున్నవాడు తన సొంత వాడకానికి చేసుకుంటే, లేదా నిజాయితీగా పాఠం చెప్పడానికో పరిశోధనకో చేసుకుంటే అది ఆ హక్కుని ఉల్లంఘించినట్టు కాదని రాసి ఉంది. కాబట్టి ఇంట్లో చూసుకోండి, యూట్యూబులో ఎక్కించకండి, పెన్‌డ్రైవుల్లో నింపి అమ్మకండి. డబ్బు కట్టే ఛానెళ్ళ తాళాలు నెట్ ద్వారా విప్పిస్తామని ఏడాదికి ఇంత అని కొందరు తిరుగుతుంటారు, అది దొంగతనం, నేను చెప్పేదానికీ దానికీ సంబంధం లేదు.

క్రికెట్ గురించి ఒక్క ముక్క. 2007లో వచ్చిన చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న ఆటల సిగ్నల్‌ని ప్రైవేటు ఛానెళ్ళు ప్రసార భారతితో పంచుకోవాలి, ఇండియా ఆడే వన్డేలు టీ20లు అందులోకి వస్తాయి. 2017లో సుప్రీంకోర్టు ఆ పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత యాంటెన్నా ప్రసారాల్లో, సొంత డీటీహెచ్‌లో మాత్రమే రావాలి, కేబులు వాళ్ళకి ఇవ్వకూడదని తేల్చింది. అంటే నెలకి వందలు కట్టే ఇంట్లో డీడీ మీద మ్యాచ్ రాదు, మకాంలో ఫ్రీ డిష్ పెట్టుకున్న కుర్రాడికి వస్తుంది. ఐపీఎల్ మాత్రం అడక్కండి.

"ఇదంతా ఎందుకండీ, ఫోన్లో అన్నీ ఉన్నాయిగా" అంటారు మా అబ్బాయి వయసు వాళ్ళు. ఉన్నాయి, నెట్ ఉన్నంతసేపూ. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో నెట్ ఆపేశారు, రోజులు గడిచినా రాలేదు, ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు సంచుల్లో పెట్టుకుని సిగ్నల్ ఉన్న ఊళ్ళకి వెళ్ళాల్సి వచ్చింది. ఎందుకు ఆపారు, ఆపాలా వద్దా అన్నది వేరే చర్చ, అందులోకి నేను దిగను. ఆ రోజుల్లో ఫోన్లో ఉన్న "అన్నీ" ఎక్కడున్నాయని మాత్రం అడుగుతున్నాను. శాటిలైటుకి మన జిల్లా పేరు తెలీదు, ఆగ్నేయంలో దాని చోట్లో అది ఉంటుంది.

తుపాను అప్పుడో అంటే, నిజం చెప్పాలి, ఫ్రీ డిష్ తుపాను నడినెత్తిన ఉన్నప్పుడు పనిచెయ్యదు. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్ళకి తెలుసు, తోటలకి తోటలే పడుకున్నాయి, ఇక డిష్ ఒక లెక్కా. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటినప్పుడూ గాలికి ఎదురు నిలబెట్టి ఉంచాల్సిన వస్తువు కాదది. హెచ్చరిక రాగానే పైపు మీద, బిగింపు మీద మార్కరుతో గీతలు గీసి డిష్ దించేయండి, గాలి తగ్గాక గీతలు కలిపి బిగిస్తే క్వాలిటీ దాదాపు పాతచోటే వస్తుంది. ఉపయోగం ఆ తర్వాతి రోజుల్లో. కరెంటు స్తంభాలు లేచేదాకా, టవర్లకి డీజిల్ అందేదాకా, ఈ బాక్సుల్లో చాలావాటికి 12 వోల్టుల అడాప్టరే కాబట్టి బ్యాటరీ మీద నడుస్తాయి, చిన్న టీవీ ఒకటి ఇన్వర్టరు మీద పెట్టుకుంటే వార్తలొస్తాయి. ఉరుములప్పుడు కేబులు పీకేయడం మర్చిపోవద్దు.

వార్తలంటే గుర్తొచ్చింది, తెలుగు న్యూస్ ఛానెళ్ళు చాలా ఏళ్ళు ఇంటెల్‌శాట్-17 మీద తాళం లేకుండా వచ్చాయి, 66 డిగ్రీల శాటిలైటు, మన ఊళ్ళ నుంచి సరిగ్గా నైరుతి. దానికి సీ బ్యాండ్ అనే పొడుగు తరంగాల సిగ్నల్ పట్టే సరంజామా కావాలి, ఆరడుగుల పైన జల్లెడ డిష్, వానకి పెద్దగా లొంగదు. కాకపోతే అంత డిష్ గాలికి తెరచాపే, ఛానెళ్ళు కూడా శాటిలైట్లు మారుతుంటాయి. గట్టి పునాది వేసి పైపు పాతగలిగినవాళ్ళు, ఊళ్ళో పాత కేబులు ఆపరేటరు దగ్గర పడి ఉన్న డిష్ చవగ్గా దొరికినవాళ్ళు ప్రయత్నించొచ్చు, అందరికీ చెప్పను.

నాకు సమాధానం లేని అభ్యంతరం ఒకటే, అది మా మేనత్తది. "నా సీరియల్ రాని డిష్ ఎంత ఫ్రీ అయితే నాకేంట్రా" అంది. రాదు, ఆ ఛానెళ్ళు డబ్బు కడితేనే వస్తాయి. ఆవిడకి ఆ సీరియలే రోజులో ముఖ్యమైన అరగంట, దాన్ని నేను వెక్కిరించను, ఆవిడ గదిలో చిన్న ప్యాక్ ఒకటి నడుస్తోంది, హాల్లో నాది నడుస్తోంది. భక్తి పాటలకి మాత్రం ఆవిడే హాల్లోకి వస్తుంది.

మొదలుపెట్టాలనుకున్నవాళ్ళు బాక్సు కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. "రికార్డింగ్ ఉందా" అంటే షాపులో "ఉందండీ, యూఎస్బీ ఉందిగా" అంటారు, కొన్నిట్లో ఆ యూఎస్బీ మనం తెచ్చిన పాటలూ ఫొటోలూ చూపించడానికే, రాయదు. జేబులో ఒక పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళండి, షాపులో డిష్ తగిలించి ఉంటుంది కదా, డీడీ ఛానెల్ ఏదో ఒకటి పెట్టించి రెండు నిముషాలు రికార్డు చేయించండి, పక్కనున్న కంప్యూటర్లో ఆ ఫైలు ఆడిందంటే డబ్బులివ్వండి. "పెద్ద బాక్సు తీసుకోండి సార్" అంటే వద్దనండి.